మన వీధి దాటిన మురుగు ఎటు పోతోంది?

వీధిలో మురుగు నిలిచిపోయిందని మా ఆడవాళ్లమంతా కలిసి అర్జీ పెట్టాం. పూడిక తీశారు, నీళ్లు కదిలాయి, హమ్మయ్య అనుకున్నాం. అవి ఎటు పోయాయని నేనూ అడగలేదు.

కాకినాడనే తీసుకోండి. ఊరి కాలువల నీళ్లు చివరికి చేరేది కాకినాడ అఖాతానికే. దాన్ని ఆనుకునే కోరింగ మడ అడవి ఉంది. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన ఈ 235 చదరపు కిలోమీటర్ల చోటు చేపపిల్లలకు ఉయ్యాల. సముద్రంలో పుట్టిన రొయ్యపిల్లలు సైతం ఇక్కడికొచ్చి మడ వేళ్ల మధ్య పెరుగుతాయి. శుద్ధి చేయని మురుగు ఎక్కువైతే, దాన్ని తినే సూక్ష్మజీవులు నీటిలోని ప్రాణవాయువును లాగేస్తాయి. పిల్లలకు ఊపిరాడదు. ఆ దెబ్బ ముందు తగిలేది గంప నెత్తిన పెట్టుకుని మన గుమ్మంలోకి వచ్చే చేపలమ్మే ఆమెకే.

శుద్ధి కేంద్రం అంటే బ్రహ్మవిద్యేం కాదు. మడ్డిని అడుక్కి దించి, నీటికి గాలి పట్టించి, సూక్ష్మజీవుల చేత ఆ పని అక్కడే చేయించి, క్రిములను చంపి వదులుతారు. మడ అడవే వడపోస్తుందిలే అంటారు కొందరు. కొంతవరకు నిజమే. అలాగని ఉయ్యాల కింద మురుగు పారిస్తామా?

ఈసారి ఓటుకొచ్చినవాళ్లను కాలువ ఎప్పుడు తవ్విస్తారనే కాదు, ఆ నీళ్లు ఎక్కడ శుద్ధి చేస్తారనీ అడుగుదాం. మన వంతుగా, కాగిన నూనె సింకులో పోయడం మానేద్దాం.