చీటీ అడగని చేతులు

విజయవాడ సూర్యారావుపేటలో ఆస్పత్రికీ ఆస్పత్రికీ నడుమ మందుల షాపులే. చాలా షాపుల్లో ‘ఒకపక్క తల పగిలిపోతోంది’ అంటే చాలు, చీటీ అడగరు. స్ట్రిప్పును కత్తెరతో కత్తిరించి నాలుగు బిళ్లలు చేతిలో పెడతారు. ఆ కత్తిరింపులో మందు పేరు సగం తెగుతుంది, గడువు తేదీ పోతుంది. వైద్యుడి చీటీ మీదే అమ్మాలన్న హెచ్చరిక షాపులోనే మిగిలిపోతుంది. కంకిపాడు, ఉయ్యూరు, గుడివాడ, అవనిగడ్డ... డెల్టాలో ఎటు వెళ్లినా ఇదే తంతు.

ఇంతకీ ఆ బిళ్లలో ఏముంది? పార్శ్వనొప్పికి అమ్ముడయ్యే ఒక రకంలో ఎర్గోటమిన్, కెఫిన్, పారాసిటమాల్, వాంతి ఆపే ప్రోక్లోర్‌పెరజిన్ నాలుగూ కలిసి ఉంటాయి. ఎర్గోటమిన్ రక్తనాళాలను బిగిస్తుంది. గర్భిణులు, గుండెజబ్బు ఉన్నవాళ్లు, బీపీ అదుపులో లేనివాళ్లు దాని జోలికి పోకూడదు. గొంతునొప్పికని క్లారిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్ వాడుతున్న మనిషి దీన్నీ మింగితే కాళ్లకూ చేతులకూ రక్తం అందక వేళ్లు కుళ్లిపోయే ప్రమాదం ఉంది. ‘ఇంకేం మందులు వాడుతున్నారమ్మా?’ అని కౌంటర్ వెనక కుర్రాడు అడగాలంటే అతను ఫార్మసిస్టు అయి ఉండాలి. గోడమీద ఫ్రేములో సర్టిఫికెట్టు ఒకరిది, బిళ్లలిచ్చే చెయ్యి మరొకరిది. సర్టిఫికెట్లు అద్దెకు తిరగడం అందరికీ తెలిసిన గుట్టే. 1948 నాటి ఫార్మసీ చట్టం మాత్రం మందు ఇవ్వాల్సింది రిజిస్టరైన ఫార్మసిస్టేనంటోంది.

అసలు ఘోరం ఇంకొకటుంది. ఎర్గోటమిన్, పార్శ్వనొప్పికే వాడే ట్రిప్టాన్లు, కలగలుపు నొప్పి బిళ్లలు నెలకు 10 రోజులు లేదా అంతకు మించి, మూడు నెలలకు పైగా వాడితే ఆ మందే తలనొప్పి తెచ్చిపెట్టవచ్చు. ఉత్త పారాసిటమాల్ అయితే ఆ హద్దు 15 రోజులు. తెల్లారి లేస్తూనే తల దిమ్ము, టీతో ఒక బిళ్ల, సాయంత్రానికి ఇంకొకటి. ‘ఇది పనిచెయ్యట్లేదు, గట్టిది ఇవ్వండి’ అంటే షాపువాడికి బేరమే. జబ్బు ముదిరేకొద్దీ అమ్మకం పెరిగే వ్యాపారం ఇది. ఎ.కొండూరు తండాల కిడ్నీ రోగుల గోడు విన్న ఉమ్మడి కృష్ణా జిల్లాలోనే, కిడ్నీలను దెబ్బతీయగల నొప్పి మందు డైక్లోఫెనాక్ చీటీ లేకుండా దొరకడం సిగ్గుచేటు.

నిబంధనలకు కొదవ లేదు. 1945 నాటి ఔషధ నిబంధనల ప్రకారం, మళ్లీ ఇవ్వమని డాక్టరు రాస్తే తప్ప షెడ్యూల్ హెచ్ మందును, అంటే చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందును, ఒక చీటీ మీద ఒక్కసారే ఇవ్వాలి. ఇచ్చినప్పుడు షాపు పేరు, చిరునామా, తేదీ ఆ చీటీ మీదే వెయ్యాలి. ఇంట్లో పాత చీటీలు తీసి చూడండి, ఒక్కదానిమీదైనా అవి కనిపిస్తాయేమో! 2025 మార్చిలో ‘ఆపరేషన్ గరుడ’ పేరుతో రాష్ట్రమంతా మందుల షాపులపై దాడులు చేశారు. గురి మత్తుకు వాడే మందుల మీద. మంచిదే. మరి రోజూ కళ్లముందు జరిగే ఈ అమ్మకం ఔషధ నియంత్రణ శాఖకు నేరంగా కనిపించదా?

డాక్టర్లూ తప్పించుకోలేరు. పార్శ్వనొప్పి రాకుండా వాడే ప్రొప్రనాలాల్‌ను ఉబ్బసం ఉందా అని అడగకుండా రాసేవాళ్లున్నారు. అందుకే వాడే ఫ్లునరిజిన్‌ను నెలల తరబడి వాడితే దిగులు, చేతివణుకు రావచ్చని చెప్పే తీరిక ఎందరికుంది? నొప్పి వచ్చినప్పుడు వేసుకునే బిళ్ల నెలకు ఎన్ని రోజులకు మించకూడదో చీటీలో ఒక్క ముక్క రాస్తే వాళ్ల సొమ్మేం పోయింది?

తనిఖీకి వెళ్లే ఇన్‌స్పెక్టర్లు ముందు ఫార్మసిస్టు షాపులో ఉన్నాడో లేడో చూడాలి. లేకపోతే లైసెన్సు ఆపాలి. పాఠకులకూ ఒక మాట. వారంలో రెండు రోజులకు మించి తలనొప్పి బిళ్ల అవసరమైతే షాపుకు కాదు, డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఏళ్లుగా వాడుతున్నవాళ్లు సొంతంగా మానెయ్యకుండా ఆయన్ని అడిగే మానండి. ఎన్నడూ లేనంత నొప్పి ఒక్కసారిగా వచ్చినా, మాట తడబడినా, చూపు మసకబారినా బిళ్ల కోసం చూడకుండా ఆస్పత్రికి బయల్దేరండి.