పగలు గుమాస్తా, రాత్రి కెప్టెన్

బ్యారీ ఫిట్జ్‌జెరాల్డ్ వేసిన వేషాల్లోకెల్లా గొప్పదాన్ని మనం చూడలేం. 1924 మార్చి 3న డబ్లిన్‌లోని ఆబీ థియేటర్‌లో షాన్ ఓకేసీ నాటకం ‘జూనో అండ్ ది పేకాక్’కు తొలిసారి తెర లేచింది. అందులో కెప్టెన్ బాయిల్ వేషం అతనిది. ఆ ప్రేక్షకులు ఎప్పుడో వెళ్లిపోయారు. ఆరేళ్లకు హిచ్‌కాక్ ఆ నాటకాన్ని సినిమాగా తెచ్చాడు. జూనోగా ఆబీ నటి శారా ఆల్‌గుడ్‌నే పెట్టుకున్నాడు కానీ, బాయిల్ వేషాన్ని ఎడ్వర్డ్ చాప్‌మన్ అనే ఇంగ్లీషు నటుడి చేతిలో పెట్టాడు. ఫిట్జ్‌జెరాల్డ్‌కు దక్కింది మొదట్లో వీధి జనం ముందు ఉపన్యాసం దంచే వక్త వేషం. కాసేపు కనిపించి వెళ్లిపోతాడు. పక్కనే ఉన్న మనిషిని వదిలేసి, అదే వేషాన్ని వేరొకరి చేత వేయించడం సినిమా వాళ్లకు కొత్తేమీ కాదు. ఇక్కడ మాత్రం నష్టం పెద్దది.

అసలు పేరు విలియం జోసెఫ్ షీల్డ్స్. 1888 మార్చిలో డబ్లిన్‌లో ప్రొటెస్టెంట్ ఇంట పుట్టాడు. తల్లి జర్మనీ మనిషి, తండ్రి కార్మిక సంఘాల్లో తిరిగినవాడు. 1911లో ప్రభుత్వోద్యోగంలో చేరాడు. మొదట బోర్డ్ ఆఫ్ ట్రేడ్‌లో, తర్వాత నిరుద్యోగుల వ్యవహారాలు చూసే ఆఫీసులో. పని తక్కువ, తీరిక ఎక్కువ అని తర్వాత తనే చెప్పుకున్నాడు. ఆ తీరిక నాటకాల పాలైంది. 1915లో ఆబీలో చిన్నాచితకా వేషాలతో మొదలుపెట్టాడు. సర్కారు నౌకరు రాత్రిళ్లు ముఖానికి రంగేసుకుంటున్నాడని పైవాళ్లకు తెలిస్తే చిక్కు కదా, అందుకని బ్యారీ ఫిట్జ్‌జెరాల్డ్ అనే పేరు తగిలించుకున్నాడు. దాచుకోవడానికి పెట్టుకున్న ఆ పేరే చివరికి ప్రపంచమంతా తెలిసింది.

పగటి ఉద్యోగం, రాత్రి నాటకం అనేది అతనొక్కడి సంగతి కాదు. ఆబీ పుట్టుకలోనే ఆ లక్షణం ఉంది. 1904 డిసెంబరు 27న తలుపులు తెరవకముందే ఫే సోదరులు, విలియమ్, ఫ్రాంక్, గుమాస్తాల్ని, దుకాణాల్లో పనిచేసేవాళ్లని పోగుచేసి సాయంత్రాలు రిహార్సళ్లు నడిపారు. ఆ తొలి బృందంతో తిరిగిన ఒక కవిని తెలుగువాళ్లు ఎరుగుదురు. ఫే సోదరులు 1902లో ఆడించిన నాటకాల్లో ‘ది రేసింగ్ లగ్’ రాసిన జేమ్స్ కజిన్సే తర్వాత మదనపల్లె కాలేజీకి వచ్చాడు. 1919లో రవీంద్రుడు ‘జనగణమన’ను ఇంగ్లీషులో రాసుకున్నది అతని ఆతిథ్యంలోనే. కజిన్స్ మదనపల్లెలోనే కన్నుమూశాడు. డబ్లిన్ నాటకచరిత్రలో మన ఊరి పేరు కూడా ఒక మూలన ఉందన్నమాట.

ఫ్రాంక్ ఫే నేర్పిన సూత్రం చాలా సాదా: మాట్లాడేవాడే కదలాలి, మిగిలినవాళ్లు నిలబడి వినాలి. అప్పటి నటులకు చేతులు ఊపకుండా నిలబడటం ఎంత కష్టమో ఊహించుకోవచ్చు. వినడం కూడా నటనేనని ఆబీ వాళ్లకు ఆ క్రమశిక్షణ నేర్పింది. కవి యేట్స్, నాటకకర్త లేడీ గ్రెగరీ ఈ నాటకశాలను తలపెట్టింది మరో లెక్కతో. ఇంగ్లండు రంగస్థలం మీద ఐరిష్‌వాడంటే తాగుబోతు, వాగుడుకాయ, విదూషకుడు. ఆ బొమ్మను చెరిపేయాలన్నది వాళ్ల పట్టుదల. ఈ మాట గుర్తుంచుకోవాలి, ముందు ముందు పనికొస్తుంది.

ఇక బాయిల్. డబ్లిన్ పేదల వాడలో, అంతర్యుద్ధం నడుస్తున్న రోజుల్లో, రెండు గదుల సంసారం. తనను కెప్టెన్ అని పిలిపించుకుంటాడు కానీ ఎక్కిన ఓడ ఒకటే, డబ్లిన్ నుంచి లివర్‌పూల్‌కు వెళ్లే బొగ్గు ఓడ. ఎవరైనా పని ఉందని చెబితే చాలు, కాళ్లలో నొప్పులు మొదలవుతాయి. భార్య జూనో ఒక్కతే సంపాదిస్తుంది. ఆయనగారు జాక్సర్ అనే తోడుదొంగతో సారాకొట్టు చుట్టూ తిరుగుతుంటాడు. ఫిట్జ్‌జెరాల్డ్ పొట్టి మనిషి. ఛాతీ విరుచుకుని నెమలిలా నడిచే కెప్టెన్‌కు ఆ పొట్టితనమే పెట్టుబడి. పగలంతా నిరుద్యోగుల ఆఫీసులో కూర్చున్న గుమాస్తా, పొద్దుగూకాక పని తప్పించుకోవడంలో పండిపోయినవాడి వేషం వేశాడు. ఓకేసీ మాత్రం తక్కువా? కూలిపని చేసి బతికిన మనిషి, ఆ వాడల యాస చెవిలో మోగుతుండగా రాశాడు.

రెండు అంకాలపాటు జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతారు. ఆ తర్వాత వస్తుందనుకున్న ఆస్తి రాదు, అప్పుకు తెచ్చిన సామాను తిరిగి వెళ్లిపోతుంది, కూతురు మోసపోతుంది, కొడుకు జానీని తుపాకుల వాళ్లు ఈడ్చుకెళ్లి చంపేస్తారు. జూనో కూతుర్ని తీసుకుని ఇల్లు వదిలేస్తుంది. అప్పుడు, ఖాళీ అయిన ఆ గదిలోకి బాయిల్, జాక్సర్ తూలుతూ వస్తారు. కొడుకు చచ్చిపోయాడని తండ్రికి తెలియదు. ప్రపంచం ఎంత గందరగోళంగా ఉందో చెబుతూ కూలబడతాడు. ఇక్కడ ఒక్క పిసరు ఎక్కువ నవ్వించినా నాటకం పాడవుతుంది, ఒక్క పిసరు ఏడిపించినా పాడవుతుంది. మా మటుకు మాకు ఇరవయ్యో శతాబ్దపు నాటకాల్లో ఇంతకన్నా కష్టమైన ముగింపు తోచదు. దాన్ని మొదట నిలబెట్టినవాళ్లు ఇద్దరు: ఫిట్జ్‌జెరాల్డ్, జాక్సర్‌గా ఎఫ్.జె. మెకార్మిక్. జానీగా వేసింది ఫిట్జ్‌జెరాల్డ్ సొంత తమ్ముడు ఆర్థర్ షీల్డ్స్. కూతురు మేరీగా ఐలీన్ క్రో. జనం తోసుకొచ్చారు, ఆబీలో ఒక నాటకం వారానికి మించి ఆడటం అదే మొదటిసారి.

రెండేళ్లకు, 1926 ఫిబ్రవరిలో, ‘ది ప్లవ్ అండ్ ది స్టార్స్’. 1916 ఈస్టర్ తిరుగుబాటును ఓకేసీ వీరుల వైపు నుంచి కాక ఇరుగుపొరుగు కోణం నుంచి, సారాకొట్టులోంచి చూపించాడు. అమరుల బొమ్మ పక్కన వేశ్యను నిలబెడతావా అని నగరం మండిపడింది. నాలుగో రాత్రి గొడవ జరిగింది. నిరసనకు ముందు నడిచినవాళ్లలో హన్నా షీహీ స్కెఫింగ్టన్ ఉంది. 1916లో బ్రిటిష్ సైనికులు ఆమె భర్తను కాల్చి చంపారు. ఆమె కోపాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. కొందరు ఏకంగా వేదిక ఎక్కేశారు. వడ్రంగి ఫ్లూథర్ వేషంలో ఉన్న ఫిట్జ్‌జెరాల్డ్ ఒకణ్ని గుద్ది కిందికి తోసేశాడని అప్పటివాళ్లు చెప్పుకున్నారు. యేట్స్ వేదిక మీదికి వచ్చి, మళ్లీ పరువు తీసుకున్నారని జనాన్ని దులిపేశాడు. తిరుగుబాటును అవమానించారని అరుస్తున్నవాళ్ల ఎదుట, లెఫ్టినెంటు వేషంలో నిలబడిన ఆర్థర్ షీల్డ్స్ స్వయంగా ఆ తిరుగుబాటులో తుపాకీ పట్టి, వేల్స్‌లోని ఫ్రాంగోచ్ నిర్బంధ శిబిరంలో గడిపి వచ్చినవాడు. అక్కడ అరిచినవాళ్లలో ఎందరు ఆ వారం వీధిలోకి దిగారో!

1928లో యేట్స్ ఓకేసీ కొత్త నాటకం ‘ది సిల్వర్ టాసీ’ని తిరగ్గొట్టాడు. ఓకేసీ దాన్ని లండన్‌లో ఆడించుకున్నాడు. ఆ నాటకం కోసమే 1929లో ఫిట్జ్‌జెరాల్డ్ ఉద్యోగానికి నీళ్లొదిలాడు. నలభై ఒక్కేళ్లు నిండాక పూర్తికాలం నటుడయ్యాడు. ఆపై ఆబీ బృందంతో అమెరికా యాత్రలు. 1936లో జాన్ ఫోర్డ్ ‘ప్లవ్’ను సినిమా తీస్తూ ఆబీ నటుల్ని పిలిపించాడు. స్టూడియో వాళ్లు కథను ప్రేమకథ వైపు లాగారు, సినిమా ఆడలేదు. ఫిట్జ్‌జెరాల్డ్ మాత్రం హాలీవుడ్‌లో ఉండిపోయాడు.

అక్కడ అతనికి దొరికిన వేషాల్లో చాలావాటి గురించి చెప్పుకోనక్కర్లేదు. 1944లో వచ్చిన ‘గోయింగ్ మై వే’ గురించి చెప్పుకోవాలి. న్యూయార్క్‌లో అప్పుల్లో మునిగిన చర్చి, మొండి ముసలి పాదిరీ, అతని స్థానంలోకి వచ్చిన కుర్ర పాదిరీగా బింగ్ క్రాస్బీ. ఐర్లండ్‌లోని తల్లిని దశాబ్దాల తర్వాత కలుసుకునే చివరి సన్నివేశంలో ముసలాయన ముఖం చూసి అమెరికా కళ్లొత్తుకుంది. యుద్ధకాలం, ప్రతి ఇంట్లో ఎవరో ఒకరు దూరాన ఉన్న రోజులు. డబ్లిన్ ప్రొటెస్టెంటు గుమాస్తా ఆ విధంగా అమెరికన్ కాథలిక్కులకు ఇష్టమైన పాదిరీ అయ్యాడు. ఆస్కార్‌కు ఒకే వేషానికి ఉత్తమ నటుడి విభాగంలోనూ, సహాయ నటుడి విభాగంలోనూ పేరెక్కింది. రెండోది గెలిచాడు, మొదటిది క్రాస్బీకి పోయింది. ఇలా ఇంకెప్పుడూ జరగకుండా అకాడమీ నిబంధన మార్చుకుంది. లోహానికి కరువైన రోజులు గనుక బొమ్మను ప్లాస్టర్‌తో చేసి ఇచ్చారు. ఇంట్లో గోల్ఫ్ సాధన చేస్తూ దాని తల ఎగరగొట్టాడు. నవ్వుకునే ఈ కథ వెనక నవ్వు రాని సంగతి కూడా ఉంది. అదే 1944లో అతను నడుపుతున్న కారు తగిలి ఒక స్త్రీ చనిపోయింది. కేసు నడిచి, మరుసటి జనవరిలో నిర్దోషిగా బయటపడ్డాడు.

ఇప్పుడు గుర్తుంచుకోమన్న మాట దగ్గరికి వద్దాం. తాగుబోతు విదూషకుడి బొమ్మను చెరపడానికి కట్టిన నాటకశాల నుంచి వెళ్లిన నటుడు, పైపు, టోపీ, బొంగురు గొంతు, సారా మీద మమకారంతో ఆ బొమ్మకే మళ్లీ ప్రాణం పోశాడని ఐర్లండ్‌లో విమర్శ ఉంది. అందులో నిజం లేకపోలేదు. స్టూడియోలకు కావలసిన ఐర్లండ్ అదే, అతను అడిగినంతా ఇచ్చాడు. బాయిల్‌లో నవ్వు కింద ఉన్న చలి హాలీవుడ్ వేషాల్లో కనిపించదు. మెకార్మిక్ ఇంచుమించు జీవితమంతా ఆబీలోనే ఉండిపోయాడు. సినిమాలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. ఇద్దరిలో మెకార్మిక్కే మేటి అన్నవాళ్లు డబ్లిన్‌లో తక్కువేం కాదు. 1947లో ‘ఆడ్ మ్యాన్ అవుట్’లో పిట్టలమ్ముకునే షెల్‌గా వేసి ఆ ఏడే పోయాడు. ఆ కొద్ది నిమిషాలు చూస్తే మనం ఏం పోగొట్టుకున్నామో తెలుస్తుంది.

అయినా ఫిట్జ్‌జెరాల్డ్ పక్షాన రెండు సాక్ష్యాలు పెడతాం. ఒకటి, 1948 నాటి ‘ది నేకెడ్ సిటీ’. జూల్స్ డసిన్ న్యూయార్క్ వీధుల్లోకే కెమెరా దింపి తీశాడు. డిటెక్టివ్ మల్డూన్‌గా ఫిట్జ్‌జెరాల్డ్ చేసేది ఎక్కువగా వినడమే. ఎదుటివాడు అబద్ధమాడుతుంటే తొందరపడడు, కళ్లతో ఒక్క క్షణం ఆగుతాడు. ఫే సూత్రం నలభయ్యేళ్ల తర్వాత, సముద్రం అవతల కూడా పనిచేస్తోంది.

రెండోది 1952లో వచ్చిన ‘ది క్వయట్ మ్యాన్’. పాదిరీ తర్వాత అతని మీద ముద్రపడిన వేషం ఇదే, ఊరి పెళ్లిళ్ల పేరయ్య మికలీన్. విమర్శకులు చూపించే టోపీ, సారా అన్నీ ఇందులోనే దండిగా ఉన్నాయి. అయితే ఫోర్డ్ ఈ సినిమాను 1951 వేసవిలో మేయో జిల్లా కాంగ్ గ్రామంలో తీస్తూ చుట్టూ ఆబీ వాళ్లను నింపాడు. ప్రొటెస్టెంటు పాదిరీ ప్లేఫెయిర్‌గా ఆర్థర్ షీల్డ్స్, అతని భార్యగా ఐలీన్ క్రో. 1924లో బాయిల్ కొడుకుగా, కూతురుగా వేసిన ఆ ఇద్దరూ ఇక్కడ భార్యాభర్తలు; తండ్రిగా వేసినవాడు గుర్రబ్బండి తోలుతూ ఊళ్లో సంబంధాలు కుదురుస్తుంటాడు. క్రో అప్పటికి మెకార్మిక్ విధవరాలు. జాన్ వేన్ కోసం వెళ్లిన ప్రేక్షకుడికి ఇవేవీ అక్కర్లేదు. కానీ వీళ్లు ఒకే ఫ్రేములోకి వచ్చినప్పుడు ఎవరు ఎక్కడ ఆగాలో, ఎవరి మాటకు ఎవరు చోటివ్వాలో దర్శకుడు చెప్పనక్కర్లేకుండా తెలిసిన మనుషులు కనిపిస్తారు. అలాంటి పొందిక ఒక షెడ్యూలులో వచ్చేది కాదు. మికలీన్‌ను ఒంటరిగా చూస్తే వట్టి టోపీ, పైపే. బృందం మధ్యలో చూస్తే మనిషి.

అదే వేసవిలో, జూలై 18 తెల్లవారుజామున, ‘ప్లవ్’ ఆడి జనం ఇళ్లకు వెళ్లిన కొన్ని గంటలకు ఆబీ థియేటర్ తగలబడింది. కొత్త భవనం లేచింది 1966లో. అప్పటికి ఫిట్జ్‌జెరాల్డ్ లేడు. 1959లో డబ్లిన్‌కు తిరిగివచ్చి, ‘బ్రాత్ ఆఫ్ ఎ బాయ్’లో చివరి వేషం వేసి, 1961 జనవరి 4న పోయాడు. అతన్ని తెలుసుకోవాలనుకునేవాళ్లు ముందు ‘నేకెడ్ సిటీ’ చూడండి, పాదిరీని తర్వాత చూసుకోవచ్చు. ‘జూనో’ నాటకం చేతికి దొరికితే మూడో అంకం చివరి పుట ఎవరైనా ఇద్దరు కూర్చుని పైకి చదవండి. గొంతు ఎక్కడ తగ్గించాలో మీకే ఎదురవుతుంది.