ఎక్కని కొండ

మన భాషలో 'కొండెక్కడం' అనే మాటకు మంచి అర్థాలు తక్కువ. దీపం ఆరిపోయిందనడం అశుభమని 'కొండెక్కింది' అంటాం. ధరలు కొండెక్కుతాయి. అలిగినవాడు కొండెక్కి కూర్చుంటాడు. కాళ్ళతో నిజంగా కొండ ఎక్కాలంటే మాత్రం పైన దేవుడుండాలి, మనకొక మొక్కు ఉండాలి. ఏ మొక్కూ లేకుండా కొండ ఎక్కడం నాకు అరవై దాటిన తరువాత, అదీ పరాయి దేశంలో అలవడింది. ఆ అలవాటు వల్ల కలిగిన ఆరోగ్యం సంగతి అటుంచి, అది నాలో ఎత్తి చూపిన లోపం గురించి నాలుగు మాటలు చెప్పుకోవాలనిపించింది.

కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో మా అబ్బాయి ఇంట ఆరు నెలలున్నాను. ఆ ఊరిని ఆనుకొని మిషన్ పీక్ అనే కొండ ఉంది. ఎత్తు 2,517 అడుగులు. స్టాన్‌ఫర్డ్ అవెన్యూ వైపు నుంచి బయలుదేరితే రానుపోను దాదాపు 6 మైళ్ళ నడక. పోయేటప్పుడు 2,000 అడుగులకు పైగా ఎక్కుడే. దారి పొడవునా నీడ బహు తక్కువ. ఎండిన గడ్డి, మేస్తున్న ఆవులు, కాలు జారే కంకర. శిఖరాన గుడి లేదు, గోపురం లేదు, గంట లేదు. గొట్టాలు అమర్చిన ఒక స్తంభం ఉంటుంది. దాని దగ్గర ఛాయాచిత్రం తీయించుకోవడానికి జనం వరుస కడతారు. అంతే.

మొదటిసారి సగం దారిలో ఒక బండ మీద కూలబడి, "పైన ఏముందని ఇంత అవస్థ?" అని మా అబ్బాయిని విసుక్కున్నాను. మూడవ ప్రయత్నంలో శిఖరం చేరాను. ఆ బాటలో వినవచ్చే భాషల్లో మన తెలుగూ ఒకటి. "ఒరేయ్, కాస్త ఆగరా, ఊపిరాడట్లేదు" అన్న కేక వెనుకనుంచి వినబడితే, ఎవరో ఏమిటో తెలియకుండానే ప్రాణం లేచి వచ్చేది. నీళ్ళ సీసా ఎవరిది వారే మోసుకుపోవాలి, ఖాళీ సీసా ఎవరిది వారే దించుకురావాలి. ఈ మర్యాద నాకు మా మనవడు నేర్పాడు.

ఒకనాడు దిగివస్తూ వాడికి మా రామతీర్థం సంగతులు చెప్పసాగాను. విజయనగరానికి సుమారు 12 కిలోమీటర్ల దూరంలో, నెల్లిమర్ల దాటాక ఉన్న ఊరు. కింద సీతారామస్వామి ఆలయం, బోధికొండ మీద కోదండరాముడు. పక్కనే గురుభక్తులకొండ. దాని మీద సుమారు 500 అడుగుల ఎత్తున, సన్నని రాతి అంచు వెంబడి, బౌద్ధులు కట్టుకున్న స్తూపం, చైత్యాలు, విహారాల శిథిలాలు. అలెగ్జాండర్ రీ అక్కడ జరిపిన తవ్వకాల వివరాలు పురావస్తు శాఖ 1910-11 వార్షిక నివేదికలో ఉన్నాయి. ఆ కొండల్లోనే జైనుల ఆనవాళ్ళూ ఉన్నాయి. ఇదంతా పాఠం చెప్పినట్టు చెప్పి, వాడు అబ్బురపడతాడని ఎదురుచూశాను.

"ఆ బౌద్ధుల కొండ ఎక్కడానికి ఎంతసేపు పడుతుంది తాతయ్యా?" అన్నాడు వాడు.

నా దగ్గర జవాబు లేదు. ఉద్యోగ జీవితంలో అధికభాగం ఆ కొండలు కనబడేంత దూరంలో గడిపినవాణ్ణి. బోధికొండ ఎక్కాను, దణ్ణం పెట్టాను, ప్రసాదం తీసుకున్నాను, దిగివచ్చాను. గురుభక్తులకొండ మీద దేవుడు లేడు. అందుకని ఎక్కలేదు.

ఇందులో నన్ను మరింత బాధించిన విషయం ఒకటుంది. రామతీర్థం గుహలో ఒక కన్నడ శాసనం ఉంది. త్రికాలయోగి సిద్ధాంతదేవుడనే జైనాచార్యుడు, వేంగి రాజుకు గురువు, ఇక్కడికి వచ్చి రామకొండకు భక్తితో వందనం చేశాడని దాని సారాంశం. ఆ రాజు విమలాదిత్యుడని చరిత్రకారులు గుర్తించారు. విమలాదిత్యుడి కొడుకే రాజరాజనరేంద్రుడు. నన్నయభట్టు చేత భారతాన్ని తెలుగు చేయించిన ప్రభువు. ఏటా నన్నయ పాఠం మొదలుపెట్టేటప్పుడు రాజరాజు వంశం, రాజమహేంద్రవరం, గోదావరి అన్నీ వర్ణించి చెప్పేవాణ్ణి. ఆ రాజు తండ్రికి గురువైన వాడు మన ఊరి కొండకు మొక్కాడర్రా, పదండి చూసివద్దాం అని ఒక్క ఏడాదైనా పిల్లల్ని బయలుదేరదీయలేదు. పాఠ్యప్రణాళికలో లేదు, పరీక్షలో రాదు, దారిలో ఎవరికైనా దెబ్బ తగిలితే మాట పడాలి. కారణాలు ఎన్నయినా చెప్పగలను. వాటిలో ఏదీ నాకిప్పుడు నచ్చడం లేదు.

2020 డిసెంబరు చివరి వారంలో బోధికొండ మీది కోదండరాముడి విగ్రహం శిరస్సును దుండగులు ఖండించి కొలనులో పడవేశారు. నాడు రామతీర్థం పేరు తెలియని తెలుగువాడు లేడు. కొండ చుట్టూ వాహనాలు, కెమెరాలు, కేకలు. తరువాత ఆలయాన్ని కొత్తగా నిర్మించి 2022 ఏప్రిల్‌లో ప్రతిష్ఠ జరిపారు. సంతోషమే. పగలు పదిమంది కొండ మీద నడిచి ఉంటే ఆ రాత్రి ఘోరం ఆగి ఉండేదని నేననను. చీకటి పనికి పగటి నడక అడ్డు రాదు. కాని, దెబ్బ తగిలిన నాడు తప్ప కొండ మనకు జ్ఞాపకం రాలేదన్న మాట నిజమా కాదా? నన్నే ముందుగా ఆ ప్రశ్న అడుగుతున్నాను. రాముడు లేని పక్క కొండ మీద ఒక ఇటుక ఊడిపోతే మనలో ఎందరికి తెలుస్తుంది? అక్కడ నిన్న ఏముండేదో చూసినవాడికి కదా, ఇవాళ ఏది లేదో తెలిసేది!

జనం ఎక్కువగా ఎక్కితే కొండ పాడవుతుంది కదా అని మీరనవచ్చు. కాదనలేను. మిషన్ పీక్ మీద కూడా తొందరగా పైకి పోదామని బాట విడిచి అడ్డదారులు తొక్కినవారి వల్ల గడ్డి చచ్చి, నేల కోసుకుపోయింది. నిర్వాహకులు కంచెలు వేసి, పలకలు పెట్టి ఆ దారులు మూయవలసి వచ్చింది. మన దగ్గరైతే కవర్లు, సీసాలు, రాళ్ళ మీద ప్రేమికుల పేర్లు అదనం. అందుకే నేను కోరేది పర్యాటకుల రద్దీని కాదు. తీగబండ్లూ విశ్రాంతి మందిరాలూ అక్కర్లేదు. చుట్టుపక్కల పాఠశాలల పిల్లలు చలికాలంలో ఒక ఉదయం, ఉపాధ్యాయుడు ముందు నడవగా ఎక్కితే చాలు. ఏ రాయి ఏమిటో చెప్పించుకొని, వెంట తెచ్చుకున్నది వెంటే పట్టుకుని దిగాలి. రాళ్ళ మీద పేరు చెక్కకూడదని అక్కడ చెబితే ఎక్కినంతగా తరగతి గదిలో చెబితే ఎక్కదు.

విదేశాల్లో వారం వారం కొండలెక్కే మన పిల్లలతో కూడా ఒక మాట. సంక్రాంతికి వచ్చినప్పుడు కింద గుడి దగ్గర కారు దిగి, దర్శనం చేసుకుని, అరగంటలో మళ్ళీ కారెక్కుతున్నారు. అక్కడ వేసుకునే బూట్లే ఇక్కడికీ తెచ్చుకోండి. మీ బిడ్డలకు పరాయి కొండ ఎత్తు అడుగులతో సహా తెలుసు. తాతగారి ఊరి కొండ ఎత్తు తెలియకపోవడం వారి తప్పు కాదు. నాబోటి తాతల తప్పు.

తిరిగి వచ్చిన ఏడాది జనవరిలో, తెల్లవారు జామున, చేతికర్ర సాయంతో గురుభక్తులకొండ ఎక్కాను. నాలుగు చోట్ల కూర్చున్నాను. పైన ఇటుకల వరుసల మధ్య గాలి తప్ప మరో చప్పుడు లేదు. కింద పచ్చని చేలు, చెరువులు, మంచులో సగం మునిగిన తాటిచెట్లు. ఇన్నేళ్ళూ కిందనుంచి ఆ కొండను చూశానే కాని, ఆ కొండ మీదనుంచి మా ఊళ్ళను చూడలేదు. ఎవరికి మొక్కాలో తోచలేదు. ఆచార్యుడు చేసినట్టే కొండకు మొక్కాను.

దిగివచ్చి చరవాణిలో మనవడికి జవాబు చెప్పాను. ఆరోగ్యవంతుడికి ఎంత పడుతుందో తెలియదు కాని, మీ తాతకు మాత్రం ముప్పావు గంట పట్టిందిరా అని.