మేష్టారి ఒంటరి యాత్ర

“మేష్టార్లకేమండీ, వేసవి రాగానే సెలవులు” అని మొదలుపెట్టి, “విదేశమునకే పోదలచినచో నలుగురితోపాటు టూరు కంపెనీవారి బస్సులో సుఖముగా పోరాదా, ఒంటరిగా పోయి అగచాట్లు పడనేల?” అని ముగించు పెద్దలు మా యూరిలోనే కాదు, మా స్టాఫ్ రూములోను కలరు. ఇందులో మొదటి మాట అన్యాయము. బడి నడచు దినములలో వరుసగా పది రోజులు కదలుటకు వీలులేని వృత్తి మాది. ఏప్రిల్ చివర బడి మూసినపుడే, ఎండలు మండుచున్నను, ఛార్జీలు పెరిగియున్నను, ప్రభుత్వోపాధ్యాయుడైనచో శాఖవారి అనుమతికై ముందుగా తిరిగి తిరిగి, పోవలసినదే. అది యట్లుండనిండు. రెండవ మాటకే నేను సమాధానము చెప్పవలసియున్నది.

ఇరువది యేండ్లుగా నేను పిల్లలకు నాగార్జునకొండ పాఠము చెప్పుచున్నాను. ఇక్ష్వాకురాజు వీరపురుషదత్తుని కాలమున బోధిసిరి యను ఉపాసిక అచటి సింహళ విహారమున బోధివృక్షమునకు మందిరము కట్టించెననియు, ఆమె చైత్యగృహమును సమర్పించినది తామ్రపర్ణి, అనగా సింహళద్వీప, ఆచార్యులకనియు, వారు కాశ్మీర గాంధార చీనాది దేశముల ధర్మము బోధించినవారని ఆ శాసనమే కీర్తించుచున్నదనియు నల్లబల్లమీద ఎన్నిమారులో వ్రాసితిని. కాని సముద్రమున కావలనున్న ఆ ఆచార్యుల సీమ నా మనస్సున ఏనాడును రూపు కట్టలేదు.

కడచిన మే నెలలో కొలంబో ఫోర్టు స్టేషనున రైలెక్కి అనూరాధపురమున దిగి, మధ్యాహ్నము ఒక చిన్న హోటలులో కూర్చుంటిని. గోడమీద సుద్దతో వ్రాసిన ధరల పట్టిక. అక్షరములన్నియు గుండ్రనివి, మన అక్షరములకు తోబుట్టువులవంటివి. చూడగా చదువవచ్చుననియే తోచును, చదువబోయిన ఒక్కటియు రాదు. వడ్డించు కుర్రవాడు నా అవస్థ గ్రహించి, ఒక్కొక్క పంక్తిక్రింద వ్రేలుంచి, మెల్లగా పలికి, నాచేత పలికించి, నేను తప్పినపుడు నవ్వక మరల చెప్పెను. అన్నమును ‘బత్’ అందురని నాకు నేర్పిన గురువు అతడే. ఏడాది పొడుగునా అన్నియు తెలిసినవానివలె పిల్లల యెదుట నిలుచువాడు, పలక ముందు కూర్చున్న ఒకటవ తరగతి పసివాని గుండె యెట్లు కొట్టుకొనునో మరచిపోవును, నేను మరచితిని. ఆ గోడ నాకు జ్ఞాపకము చేసినది.

కంపెనీ బస్సులో వచ్చియుంటినేని ఆ పూట ఆంధ్రభోజనము దొరకియుండును, పట్టిక చదువు పని యుండెడిది కాదు. అచటి బోధివృక్షమగు శ్రీమహాబోధి చెంత గైడు గడియారము చూచుకొని పిలిచియుండెడివాడు. నేను తెల్లబట్టల భక్తులనడుమ చీకటి పడువరకు కూర్చుంటిని. చెట్టునకు మందిరమేల యని యెన్నడును తోచని ప్రశ్న, కృష్ణ యొడ్డున కాక, అక్కడ తోచినది.

వృద్ధులకు గుంపు మేలని నేనును ఒప్పుకొందును. ఒంటరిగా పోవువారికి, అందును స్త్రీలకు, జాగ్రత్త మిక్కిలి కావలయును. అయినను ఆచార్యుడు తనంతట తాను సముద్రము దాటుట వింత యనువారు బోధిసిరి శాసనమును మరియొకసారి చదువవలెను.

జూన్‌లో బడి తెరచినపుడు నాగార్జునకొండ పాఠమును ఆ హోటలు గోడతో మొదలుపెట్టితిని. వెనుక బల్లవారును ప్రశ్నలడిగిరి. పెద్దలారా, మీ యూరి మేష్టారు ఒంటరిగా బయలుదేరినాడని విన్నచో వారింపకుడు. తిరిగి వచ్చిన పిమ్మట ఏమి నేర్చుకొనివచ్చెనో అడుగుడు.