ఎదురుకాళ్ళకు మహిమ అంటగట్టకండి, తుంటి పరీక్ష చేయించండి

నడుము పట్టేస్తే ఎదురుకాళ్ళతో పుట్టినవారిని వెతికి, వాళ్ళ చేత నడుము మీద తన్నించుకునే అలవాటు మన ఊళ్ళలో ఇంకా ఉంది. పట్టేసిన కండరం చాలాసార్లు కొద్ది రోజుల్లో దానంతటదే వదులుతుంది. ఆ గుణాన్ని తన్నిన కాలికి ఆపాదిస్తారు. ఇందులో నష్టమేముందని అడగవచ్చు. ఆ కాళ్ళ గురించి తల్లిదండ్రులు మొదట తెలుసుకోవలసిన సంగతిని ఈ నమ్మకం మరుగున పడేస్తోంది, అదే నష్టం.

ఎదురుకాళ్ళ పిల్లల్లో, అంటే తల కాక కాళ్ళో పిరుదులో ముందుగా ఉన్నవారిలో, తుంటి కీలు సరిగా కుదరని ప్రమాదం మిగతా పిల్లల్లో కంటే చాలా ఎక్కువ. తొడ ఎముక పైకొన బంతిలా ఉంటుంది. అది కటి ఎముకలోని గిన్నెలాంటి గుంటలో కూర్చోవాలి. బంతి లోపల సరిగ్గా కూర్చుంటేనే గిన్నె లోతుగా ఎదుగుతుంది. కడుపులో పిరుదులు కిందికి పెట్టి, మోకాళ్ళు చాచి ఉన్న బిడ్డకు ఆ కుదురు చెడవచ్చు. సిజేరియన్‌తో పుట్టినా ఈ ముప్పు పూర్తిగా పోదు.

ఇలాంటి లోపం బయటపడగానే తల్లిని నిలదీస్తారు. గ్రహణం రోజు కదిలావా, ఏ పాపం చేశావని అడుగుతారు. కానీ ఈ లోపం మగపిల్లల్లో కంటే ఆడపిల్లల్లో కొన్ని రెట్లు ఎక్కువ. తొలిచూలు బిడ్డల్లోనూ, ఇంట్లో ఇంతకుముందు ఎవరికైనా ఉన్నప్పుడూ, కుడి తుంటి కంటే ఎడమ తుంటికీ ఎక్కువ. గ్రహణమే కారణమైతే ఆడ, మగ, తొలి, మలి తేడా ఎందుకుండాలి? కడుపులో బిడ్డ ఉన్న తీరు, కీళ్ళ వదులుతనం, వంశలక్షణం ఈ తేడాలను చాలావరకు వివరిస్తాయి. తల్లి చేసిన తప్పేమీ లేదు.

పాతదంతా తప్పని హేతువాదం అనదు. ప్రతి ఆచారాన్నీ దాని ఫలితంతో తూచమంటుంది. పసిబిడ్డ కాళ్ళను నిటారుగా చాపి గుడ్డలో బిగించి చుట్టడం తుంటికి చేటు. జపాన్‌లో 1970లలో ఆ పద్ధతి మానిపించే ప్రచారం చేశాక ఈ కేసులు బాగా తగ్గాయి. మన అమ్మమ్మలు బిడ్డ కాళ్ళు ఎడంగా పెట్టి చంకనెత్తుకునే తీరు మాత్రం తుంటికి మేలైనది. దాన్ని నిలుపుకుందాం, బిగింపు చుట్టను వదిలేద్దాం.

ఈ లోపం నొప్పి పెట్టదు కాబట్టి బిడ్డ ఏడవదు. గుడ్డ మార్చేటప్పుడు ఒక తొడ రెండోదానిలా విచ్చుకోకపోవడం, రెండు మోకాళ్ళు మడిచినప్పుడు ఒకటి కిందికి కనిపించడం గుర్తులు. అసలు ఏ గుర్తూ కనబడకపోవచ్చు కూడా. అందుకే ఎదురుకాళ్ళ బిడ్డకు పుట్టగానే డాక్టరు తుంటి పరీక్ష చేయాలి. అంతా బాగుందనిపించినా ఆరు వారాల వయసులో అల్ట్రాసౌండ్ తీయించడం మంచిది. తొలి నెలల్లోనే పట్టుకుంటే, కాళ్ళను మడిచి ఎడంగా ఉంచే పావ్లిక్ పట్టీలతో ఎక్కువమందికి కొన్ని వారాల్లో నయమవుతుంది. నడక వచ్చాక తెలిస్తే చాలామందికి ఆపరేషన్ తప్పదు. అప్పటికీ వదిలేస్తే జీవితాంతం కుంటు, చిన్న వయసులోనే కీలు అరుగుదల.

తాయెత్తు కట్టి, మొక్కు మొక్కి, నడిస్తే అదే సర్దుకుంటుందని ఆగే ఇళ్ళలో పోయేది ఈ తొలి నెలలే. ఆడపిల్ల లోపం బయటపడితే పెళ్ళి కాదని దాచే ఇళ్ళలోనూ పోయేది ఇవే. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పరీక్షించవలసిన పుట్టుక లోపాల్లో తుంటి లోపాన్ని కూడా చేర్చింది. బిడ్డ ఎదురుకాళ్ళతో పుట్టిందని ఆశా కార్యకర్తకు, పిల్లల డాక్టరుకు తొలి వారంలోనే చెప్పండి. బిడ్డ తుంటి పరీక్ష ఎప్పుడు చేస్తారని అడగండి. ఆ ప్రశ్న అడగడం ప్రతి తల్లి హక్కు, ప్రతి తండ్రి బాధ్యత.