స్టోర్‌కీపరే ఆడిటరైతే...

పోలీసుల మీద ఫిర్యాదు చేస్తే విచారణ ఎవరు చేస్తారు? పోలీసులే. ఆ విచారణ నివేదిక ఎవరి బీరువాలో ఉంటుంది? వాళ్ళ బీరువాలోనే. ఫలానా ఎస్సై మీద ఏం చర్య తీసుకున్నారో చెప్పండని దెబ్బలు తిన్నవాడు అడిగితే, అది కాన్ఫిడెన్షియల్! ఈ ఏర్పాటుకి "శాఖాపరమైన విచారణ" అని గౌరవంగా పేరు పెట్టుకున్నాం.

నేను రక్షణ శాఖ లెక్కలు చూసి రిటైరైనవాణ్ణి. బి.కాం. చదివిన ఎవరికైనా తెలిసిన సూత్రం ఒకటుంది: సరుకు ఎవరి చేతిలో ఉంటే లెక్క తనిఖీ వాళ్ళ చేతిలో ఉండకూడదు. స్టోర్‌కీపరు ఎంత నిజాయితీపరుడైనా సరే. అది అతని మీద అనుమానం కాదు, పద్ధతి. సైన్యం కూడా ఈ పద్ధతికి లోబడే ఉంది. రక్షణ ఖాతాల శాఖ సైన్యాధిపతి కింద పనిచేయదు. ఆపైన కాగ్ ఆడిట్ వేరే. వోచరు లేకపోతే అభ్యంతరం రాసేవాళ్ళం. కల్నల్ గారు కోప్పడినంత మాత్రాన అది కొట్టుకుపోయేది కాదు. సరిహద్దులో తుపాకీ పట్టినవాడికి లేని మినహాయింపు ఊళ్ళో లాఠీ పట్టినవాడికి ఎందుకు?

ఇది పోలీసులంటే గిట్టనివాళ్ళ గొడవ అనుకోకండి. 1996లో సుప్రీంకోర్టుకి వెళ్ళిన ప్రకాశ్ సింగ్ స్వయంగా మాజీ డీజీపీ. 2006 సెప్టెంబరు 22న తీర్పు వచ్చింది. డీఎస్పీ స్థాయి దాకా ఫిర్యాదులు వినడానికి జిల్లాలో ఒక అథారిటీ, ఎస్పీ, ఆపై స్థాయి వాళ్ళ మీద వినడానికి రాష్ట్రంలో ఒకటి ఉండాలి, రిటైరైన జడ్జీలు నడపాలి అన్నారు. తీర్పులో ఉన్నంత స్పష్టత అమలులో లేదు. బోర్డు పెట్టినంత మాత్రాన పర్యవేక్షణ అయిపోదు. దస్త్రం పోలీసుల దగ్గరే ఉంటే, వాళ్ళు ఇచ్చిన కాగితం మీద సంతకం పెట్టడం తప్ప జడ్జిగారు మాత్రం చేసేదేముంది?

దస్త్రం బయటికొస్తే ఏమవుతుందో చూడాలంటే చటాన్‌పల్లి చాలు. 2019 డిసెంబరు 6 తెల్లవారుజామున షాద్‌నగర్ దగ్గర అత్యాచారం, హత్య కేసు నిందితులు నలుగురినీ పోలీసులు కాల్చి చంపారు. తుపాకులు లాక్కుని తిరగబడ్డారు, ఆత్మరక్షణకి కాల్చాం అన్నారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. సాక్ష్యం ఏదని అడిగినవాణ్ణి "నేరగాళ్ళ పక్షం" అన్నారు. సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ కాగితాలు, సాక్షులు అన్నీ పరిశీలించి ఏం చెప్పింది? పోలీసుల కథ నమ్మదగ్గది కాదంది. చంపాలనే కాల్చారంది. 10 మంది పోలీసులని హత్యా నేరం మీద విచారించాలంది. చనిపోయినవాళ్ళలో ముగ్గురు మైనర్లని కూడా తేల్చింది!

ఆ నివేదికని ఏం చెయ్యమంది రాష్ట్ర ప్రభుత్వం? సీల్డ్ కవర్లోనే ఉంచమంది. 2022 మే 20న, మన తెలుగువాడే అయిన ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి.రమణ గారి ధర్మాసనం ఒప్పుకోలేదు. అందులో దాచాల్సింది ఏమీ లేదని, నివేదికని అందరికీ ఇమ్మని, కేసుని హైకోర్టుకి పంపింది. కవరు విప్పకపోతే ఆ పూలే చివరి తీర్పుగా మిగిలేవి కదా?

సీసీ కెమెరాల కథ కూడా ఇంతే. ప్రతి స్టేషన్లో పెట్టమని, రికార్డు 18 నెలలు, వీలుకాకపోతే కనీసం ఏడాది ఉంచమని 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. రాజస్థాన్‌లో ఏడెనిమిది నెలల్లో 11 కస్టడీ మరణాలన్న పత్రికా వార్త చూసి, కెమెరాలు పనిచేయడం లేదేమిటని 2025 సెప్టెంబరులో అదే కోర్టు తనంతట తానే కేసు చేపట్టాల్సి వచ్చింది.

ఇక సమాచార హక్కు చట్టం. ఉద్యోగికిచ్చిన మెమోలు, శిక్షలు వ్యక్తిగత సమాచారమని 2012లో దేశ్‌పాండే కేసులో సుప్రీంకోర్టు అంది. అయినా 8(1)(జె)లోనే "విస్తృత ప్రజా ప్రయోజనం" అన్న మాట ఉండేది. చట్టసభకి ఇవ్వక తప్పని సమాచారం పౌరుడికీ ఇవ్వాలన్న మాటా ఉండేది. 2023 డేటా రక్షణ చట్టం రెండిటినీ ఆ క్లాజు నుంచి కొట్టేసింది. 2025 నవంబరు నుంచి అది అమల్లోకొచ్చింది. 8(2) మిగిలే ఉంది కదా అంటారు. నిజమే, ఉంది. కానీ వ్యక్తిగతం అని ఒక్క మాట రాసి అధికారి చేతులు దులుపుకుంటే, ప్రజా ప్రయోజనం ఉందని అప్పీళ్ళ మీద అప్పీళ్ళు వేసుకుంటూ నిరూపించుకోవాల్సింది దెబ్బలు తిన్నవాడే!

ఇన్ఫార్మర్ల పేర్లు బయటపడితే ప్రమాదం అంటారు కొందరు. ఒప్పుకుంటాను. ఆ పేర్లు కొట్టేసి మిగతాది ఇవ్వండి. చట్టంలో 10వ సెక్షన్ ఉన్నదే అందుకు. పోలీసుల మనోబలం దెబ్బతింటుందట! ఆడిట్ వల్ల ఏ రెజిమెంటు మనోబలం దెబ్బతిన్నదో ఎవరైనా చెబితే వింటాను.

ఫిర్యాదుల అథారిటీకి సొంత దర్యాప్తు సిబ్బంది ఉండాలి, పోలీసు శాఖ అరువిచ్చినవాళ్ళు కాదు. ఫిర్యాదు అందిన రోజే స్టేషన్ జనరల్ డైరీ, కెమెరా హార్డ్ డిస్కు దాని అధీనంలోకి రావాలి. ఏటా నివేదిక శాసనసభ ముందుకి, విచారణ నివేదిక ప్రతి ఒకటి ఫిర్యాదుదారు చేతికి వెళ్ళాలి. అదీ స్పీడ్ పోస్టులో.