కమాను పని, షాకబ్జార్బరు పని

తగరపువలస మీదుగా శృంగవరపుకోట చేరి, అచ్చటినుండి అనంతగిరి కనుమ నెక్కి అరకులోయకు బోవు మన యూరి యాత్రికులు, భీమునిపట్నమున సముద్రములో గలియు గోస్తనీనది ఆ కొండలలోనే పుట్టినదని యెఱుగుదురో లేదో గాని, ఆ నది దిగివచ్చిన దిక్కునకు తాము ఎక్కించుకొనిపోవు సామానును మాత్రము ఏటేట పెంచుకొనుచున్నారు. జీపు నెత్తిన ఇనుపచట్రము, దానిపై గుడారము, వెనుక ఇరువది లీటర్ల నీళ్ళ క్యానులు రెండు, గ్యాసుపొయ్యి, మడతకుర్చీలు, వీని నడుమ ఎక్కడనో నలుగురు మనుష్యులు. ఇదంతయు అమర్చిన పిమ్మట బండి వెనుకభాగము కుంగినదని కనుగొని, "గట్టి షాకబ్జార్బర్లు వెయ్యవయ్యా" యని మెకానిక్కు నడుగుట ఆనవాయితీ యైనది.

ఆ ఆనవాయితీకి నేనును తలయొగ్గినవాడనే. నగరమందలి యొక దుకాణదారుడు, బండి బరువెంతయో విచారింపకయే, "లోడు బండికి ఇదే మందండీ" యని, తన యొద్ద నున్నవానిలో మిక్కిలి బిగువైనవి నాలుగు చక్రములకును బిగించి పంపెను. కుంగిన వెనుకభాగము కుంగినట్లే యుండెను. కాని విశాఖకు బోవు తీరపుదారిలో, వేగము తగ్గించుటకై వరుసగా పోసిన చిన్నగట్లపై ఖాళీబండి నడచినప్పుడెల్ల, మా యింటామె యొడిలోని స్టీలు క్యారేజీ మూత లేచి పడుచు, పులుసు చీరపాలగుచుండెను.

అడుగుటలోనే నేను పొరపడితిని. బరువు మోయునది స్ప్రింగు, లేదా లారీవారి మాటలో కమాను కట్ట. గతుకు తగిలి నొక్కుకొన్న స్ప్రింగు తన స్థితిస్థాపకత చేత మరల సాగి, సాగినది మరల ముడుచుకొని, ఉయ్యాలవలె ఊగుచుండగా, ఆ యూపును ఒకటి రెండు మారులలో అణచుట షాకబ్జార్బరు వంతు. జట్కాబండికి ఇట్టి యుపకరణ మేదియు లేకున్నను అది అదేపనిగా ఊగకుండుటకు కారణము, కమానులోని రేకులు ఒకదానితో నొకటి రాచుకొని యూపును కొంత మ్రింగివేయుటయే. చుట్టస్ప్రింగున కా రాపిడి లేదు గావున, భారమంతయు నూనె నిండిన గొట్టముపై బడును. కళాశాలలో అవరుద్ధ డోలనమని వల్లించి పరీక్ష వ్రాసి మఱచినది ఇదియే.

మఱి ఎంత బిగువు కావలెను? ఈ ప్రశ్నకు సమాధానము నాకు లారీల కాటావద్ద దొరికినది. హార్బరు లారీల వరుసలో నా జీపును చూచి గుమాస్తా "లోడేటి బాబూ?" అనగా "సంసారమయ్యా" అంటిని. వెనుక చక్రములను మాత్రము కాటాపై నిలిపి తూచిన చీటీలలో, ఖాళీబండికి 750 కిలోలు, సామానుతో 1,080 కిలోలు పడినవి. ముందు చక్రములపై మార్పు నామమాత్రము, ఏలయన వెనుక ఇరుసును దాటి వ్రేలాడు బరువు ముందుభాగమును కొంత తేల్చును. నాలుగు చక్రములకు నొకే బిగువు తగదని అక్కడనే తెలిసినది. పెరిగినది 1.44 రెట్లు. అణచు బలము బరువుతో సరిసమానముగా పెరుగవలెనని లేదు. బరువును స్ప్రింగు బిగువును గుణించి, ఆ లబ్ధమునకు వర్గమూలము గట్టిన నెంతయో అంతయే పెరుగవలెను. పాతస్ప్రింగే యున్నచో 1.2 రెట్లు చాలును. కుంగుడు తీర్చుటకై స్ప్రింగును గూడ 1.44 రెట్లు బిగువైనదిగా మార్చినచో, అప్పుడు 1.44 రెట్లు కావలెను. చక్రముల, ఇరుసుల బరువు తీసివేసి లెక్కింపవలెనని పండితులు నన్ను దిద్దుదురు. దిద్దుబాటు న్యాయమే గాని, నాది స్థూలపు లెక్క.

చక్రము పైకి లేచునప్పటి నిరోధమును కంప్రెషన్ అనియు, దిగునప్పటిదానిని రీబౌండ్ అనియు అందురు. మొదటిది మితిమీరినచో ప్రతిరాయి దెబ్బయు నేరుగా వెన్నెముకకు చేరును. స్ప్రింగు దాచుకొన్న శక్తిని పట్టి మెల్లగా విడువవలసినది రెండవది గనుక, సాధారణముగా దానికే హెచ్చు బలము నిత్తురు. బరువు పెరిగినప్పుడు మొదట సరిచూడవలసినదియు అదియే. ఐనను అదియు హద్దు మీరెనా, వరుసగట్లపై ఒక గతుకునుండి చక్రము పూర్తిగా దిగకమునుపే రెండవది తగిలి, బండి అంతకంతకు కూర్చుండిపోయి, తుదకు రబ్బరుదిమ్మెలకు కొట్టుకొనును. ఏజెన్సీ దారులలో వెనుక మెట్టుపైని గూడ మనుష్యులను వ్రేలాడదీసికొని పోవు సర్వీసుజీపు డ్రైవరులు ఈ చిక్కులన్నిటిని వేగము తగ్గించుటతోనే దాటుచున్నారు. వారి యోర్పు మన విహారయాత్రికుల కలవడలేదు.

అణగిన యూపు ఎచ్చటికి బోవును? నూనెలో వేడియై చేరును. రాళ్ళదారిని గంటలకొలది నడచిన పిదప గొట్టమును వ్రేలితో ముట్టబోయి చేయి వెనుకకు తీసికొన్నవారికి ఇది వేఱుగా చెప్పనక్కరలేదు. కాగిన నూనె పలుచనై, గాలితో కలిసి నురుగుకట్టి, పట్టు సడలును. ఆ నురుగు పుట్టకుండ నూనెపై అధికపీడనమున వాయువు నుంచు పద్ధతిని గత శతాబ్ది మధ్యమున ద కార్బన్ అను ఫ్రెంచి ఇంజనీరు నిర్మించెను. నేటి నైట్రోజను గొట్టములకు మూలమదియే. సరదాకై ఎఱ్ఱమట్టి దిబ్బలపై బండి నెక్కించి ఈ గొట్టములను పరీక్షింపజూచువారికి ఒక్క మాట: అది జాతీయ భూవిజ్ఞాన స్మారకస్థలము, సర్కసు గోదా కాదు.

కడపట, ముందు చక్రములకు పాత షాకబ్జార్బర్లనే మరల బిగించి, వెనుకవానికి కొంచెము గట్టి స్ప్రింగులను, బిగువు మార్చుటకు మీట గల వాయుగొట్టములను వేయించితిని. ఖాళీగా తిరుగునపుడు మీటను వెనుకకు త్రిప్పుచున్నాను. నెత్తిన నున్న ఇనుపచట్రమును దింపి పెరటిలో నిలుపగా, మా యింటామె దానిపైకి బీరపాదు నెక్కించినది.

— గోస్తనీతీరవాసి